మోకాలు ఒప్పుకున్నంత వేగంతో శ్రీశైలానికి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. మా సైకిల్ బృందం ఆ దారిని ఒక శని, ఆదివారాల్లో తొక్కాలని దసరా తర్వాతే అనుకుంది. శివరాత్రి రద్దీ మొదలుకాకముందు, చలి పూర్తిగా పోకముందు, అంటే ఫిబ్రవరి మొదటి వారం. మొదటి రాత్రి నల్లమల అంచున మన్ననూరులో. అక్కడి చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరింటికి తీస్తారు. కాబట్టి సైకిళ్ళయినా, బస్సులయినా, అడవిలో అడుగుపెట్టాలంటే పగటి పూటే.

నాకు అప్పటికే కుడి మోకాలి చిప్ప వెనక నొప్పి. బడిలో రోజంతా నిలబడే ఉద్యోగం, తరగతి మూడో అంతస్తులో. ఎక్కడం పరవాలేదు, దిగేటప్పుడు ప్రతి మెట్టుకీ చిప్ప కింద ఏదో నలిగినట్టు ఉండేది. ఎముకల డాక్టరు మోకాలు అటూ ఇటూ కదిపి, ఎక్స్‌రే కూడా చూసి, లిగమెంట్లు బాగానే ఉన్నాయి, అరుగుదల వయసుకు తగ్గట్టే ఉంది, తొడ కండరాలూ పిరుదు కండరాలూ బలహీనంగా ఉన్నాయి అన్నారు. మోకాలు వంచినప్పుడల్లా చిప్ప తొడ ఎముక మీది గాడిలో జారుతుంది. దాన్ని సరిగ్గా పట్టి ఉంచాల్సిన కండరాలు చేతకానివైతే ఒత్తిడి ఒక పక్కకే పడుతుంది. సైకిల్ మానెయ్యాలా అని అడిగితే, ఫిజియోథెరపిస్టును కలవమని చీటీ రాశారు.

ఆమె నాకంటే చాలా చిన్నది. నా ప్రయాణం అంతా నిలబెట్టింది ఆమె చెప్పిన ఒక్క లెక్క. "మేడమ్, నొప్పి ఉన్నదా లేదా అని చూడకండి. పదికి ఎంత ఉన్నదో చూడండి. తొక్కేటప్పుడు మూడు దాకా రానివ్వండి. నాలుగైతే గేరు తగ్గించండి. అయిదైతే దిగండి. ఇంకొకటి, తెల్లారి లేచాక ఎప్పటి నొప్పి కంటే ఎక్కువ ఉంటే నిన్నటి పని ఎక్కువైనట్టు. ఆ రోజు సైకిల్ ముట్టకండి." నొప్పి మాత్ర వేసుకుని తొక్కొద్దని కూడా గట్టిగా చెప్పింది. మాత్ర నొప్పిని దాస్తుందే కానీ మోకాలి మీద పడే బరువును తగ్గించదు.

డిసెంబరు, ఆదివారం: గండిపేట

తెల్లవారుజామున మంచులో గండిపేట చుట్టూ తిరిగే దారి మా నగరపు సైకిల్ వాళ్ళందరికీ తెలిసిందే. 1908 మూసీ వరద తర్వాత 1920లో కట్టిన జలాశయం అది. కట్ట పక్క నుంచి పోతుంటే ఎడమన నీళ్ళు, కుడిన ఇంకా మిగిలిన తోటలు. మా బృందంలో ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన బాబాయి ఉన్నాడు. బ్యాంకులో పనిచేసే అన్న, వదిన ఉన్నారు. ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్ళిద్దరు, వాళ్ళకి తోడు వచ్చే పోయే వాళ్ళు ఇంకొందరు.

చిలుకూరు మలుపు దాటాక నా లెక్క మూడు నుంచి నాలుగుకు పోయింది. అక్కడే ఆగి అందరి ముందూ చెప్పేశాను: నాకు మోకాలు నొప్పి, ఫిబ్రవరికి వస్తాను, కానీ ఇట్లా వస్తాను అని. మామూలుగా బృందంలో ఈ మాట ఎవరూ ఎత్తరు. వెనకబడితే గాలి ఎదురైందనో, నిద్ర సరిపోలేదనో అంటారు. నాకు అది ఇష్టం లేదు. అడవిలో వేరే దారి లేని చోట ఒకళ్ళ మోకాలు మొరాయిస్తే అది అందరి సంగతీ అవుతుంది. ముందే తెలిస్తే ముందే ఏర్పాటు చేసుకోవచ్చు.

బాబాయి ఏం మాట్లాడకుండా నన్ను సైకిల్ ఎక్కించి, గోడ పట్టుకొమ్మని, పెడల్ అన్నిటికంటే కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టమన్నాడు. మోకాలు బాగా వంగి ఉంది. "మడమ పెడితే కాలు నిటారుగా రావాలమ్మా. అప్పుడు ముంగాలుతో తొక్కితే కొంచెమే వంగుతది." మనలో చాలామంది సీటు కిందికే పెట్టుకుంటాం, ఆగినప్పుడు రెండు కాళ్ళూ నేలకి ఆనాలని. సీటు ఎంత కిందికి ఉంటే మోకాలు అంత ఎక్కువ వంగుతుంది, ఎంత వంగితే చిప్ప వెనక అంత ఒత్తిడి. ఆయన అలెన్ కీతో బోల్టు వదులు చేసి, సీటు కొంచెం కొంచెం లేపుతూ మళ్ళీ మళ్ళీ చూశాడు. చివరకు రెండు వేళ్ళ మందం లేచింది. పాత గుర్తు దగ్గర ఒకటి, కొత్తదాని దగ్గర ఒకటి, తెల్ల టేపు ముక్కలు అంటించాడు. "వారం తొక్కి చెప్పు. మోకాలు వెనక గుంజితే మళ్ళ దింపుదాం" అన్నాడు.

తిరుగు దారిలోనే తేడా తెలిసింది. ఆగినప్పుడు ఒక కాలి మునివేళ్ళ మీదే నిలబడాలి, అది అలవాటు కావడానికి కొన్నాళ్ళు పట్టింది. మోకాలు మాత్రం మూడు దాటలేదు.

డిసెంబరు, పని రోజులు: ఇంట్లో, బడిలో

ఇక్కడ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, కానీ ఫలితం అంతా ఇక్కడిదే. పొద్దున కాలు నిటారుగా లేపి దించడం. పక్కకి పడుకుని పై మోకాలు తెరవడం. వెల్లకిలా పడుకుని నడుము లేపడం. గోడకుర్చీ, అయితే పూర్తిగా కూర్చునేది కాదు, నొప్పి మూడు దాటని లోతు వరకే. బడిలో మధ్యాహ్నం విరామంలో ఖాళీ తరగతిలో చేస్తుంటే ఎనిమిదో తరగతి ఆడపిల్లలు కిటికీలోంచి చూసి లోపలికొచ్చారు. ఎందుకు చేస్తున్నానో చెబితే ఇద్దరు ముగ్గురు నా పక్కనే గోడకు ఆనారు. తర్వాత అది రోజూ సాగింది. వాళ్ళలో ఒకమ్మాయి నా బదులు సెకన్లు లెక్కపెట్టేది.

జనవరి, శనివారం: సోలార్ కప్పు కింద

సంక్రాంతి సెలవుల్లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సైకిల్ ట్రాక్ మీద సాధన. పొడవు 23 కిలోమీటర్లు, పైన కప్పంతా సోలార్ పలకలు. సిగ్నళ్ళు లేవు, ఎదురొచ్చే ఆటోలు లేవు. నాలాంటి వాళ్ళకి ఇది అడగకుండా దొరికిన వరం. ఎందుకంటే నాకు అక్కడ నేర్చుకోవాల్సింది వేగం కాదు, కాళ్ళ లయ.

మోకాలు బాగాలేని వాళ్ళు గట్టి గేరు వేసి మెల్లగా తొక్కితే సుఖం అనుకుంటారు. నిజం దానికి సరిగ్గా వ్యతిరేకం. గట్టి గేరులో ప్రతి తొక్కుకీ మోకాలి మీద పడే బలం ఎక్కువ. తేలిక గేరు వేసి నిమిషానికి 80, 90 సార్లు తిప్పితే పని అంతే అవుతుంది, కానీ ఒక్కో తొక్కుకు పడేది తక్కువ. ఊపిరికి కొంచెం పని పెరుగుతుంది. ఊపిరి రాత్రికి తేరుకుంటుంది, మోకాలు అంత తొందరగా తేరుకోదు. వదిన నా పక్కన తొక్కుతూ తన గడియారం చూసి నా కుడి మోకాలు లేచినప్పుడల్లా లెక్కపెట్టేది. అరవై దగ్గర మొదలై డెబ్బై, మెల్లగా ఎనభై. మొదట్లో ఆ వేగానికి సీటు మీద ఎగిరెగిరి పడ్డాను. నడుము కదలకుండా కాళ్ళు మాత్రమే తిరగడం వచ్చాక, ట్రాక్ చివరి నుంచి చివరికి పోయి వచ్చినా లెక్క రెండే.

జనవరి, ఆదివారం: అనంతగిరి

చదును మీద వచ్చింది కొండ మీద వస్తుందో లేదో చూడాలి. ట్రాలీ ఆటోలో సైకిళ్ళు వేసుకుని చేవెళ్ళ మర్రిచెట్ల నీడల్లోంచి వికారాబాద్ పోయాం. ఊరు దాటాక అనంతగిరి ఘాట్. మూసీ పుట్టిన కొండలు, పైన అనంత పద్మనాభస్వామి గుడి, చెట్ల మధ్య పాత టీబీ ఆసుపత్రి.

ఎక్కేటప్పుడు ముందు చిన్న పళ్ళచక్రం, వెనక పెద్దది. మనిషి నడిచే వేగం కంటే కొంచెం ఎక్కువ. తమ్ముళ్ళు పైకి పోయి, మళ్ళీ దిగి వచ్చి, నా పక్కనే ఇంకోసారి ఎక్కారు. లెక్క మూడు. దిగేటప్పుడు కాళ్ళకి పని లేదు కదా అనిపిస్తుంది, కానీ చల్లగాలికి మోకాళ్ళు బిగుసుకుంటాయి. కదలకుండా వంగి ఉన్న మోకాలు నా వరకు తొక్కే మోకాలి కంటే ఎక్కువ సతాయిస్తుంది. అందుకని దిగుడులో కూడా పెడళ్ళు ఊరికే తిప్పుతూ ఉండటం, పాత లెగ్గింగ్స్ కత్తిరించి మోకాళ్ళకి తొడుక్కోవడం మొదలుపెట్టాను.

సోమవారం పొద్దున మెట్ల మీద నాలుగు. ఫిజియో మాట ప్రకారం సైకిల్ ముట్టలేదు. మంగళవారం కూడా ముట్టలేదు. బృందం వాట్సాప్‌లో తమ్ముళ్ళు గండిపేట పోతున్నామని పెట్టారు. నేను ఇంట్లో కాలు లేపి దించాను. బుధవారానికి మళ్ళీ ఒకటి. ఈ రెండు రోజులూ ఆగగలిగినందుకు నాకు నిజంగా సంతోషం. సిద్ధపడటంలో తొక్కిన దూరానికి ఎంత విలువ ఉందో, తొక్కకుండా ఉన్న రోజుకీ అంతే ఉంది.

ఆ వారం కూర్చుని నియమాలు రాసుకున్నాం. ముందు పోయేవాళ్ళు నా వేగం దాటకూడదు. చివరన బాబాయి, ఆయన వెనక ఎవరూ ఉండకూడదు. గంటకోసారి పది నిమిషాలు ఆగాలి, కావాలన్నా వద్దన్నా. సామాను బొలెరోలో. ఎవరికైనా అయిదు దాటితే చెప్పాలి, ఆ లెక్క నా ఒక్కదానికే కాదు, అందరికీ. ఆ చివరి నియమం అన్న పెట్టాడు. ఆయనకి అరచేతులు తిమ్మిరెక్కుతాయని ఆ రోజే మాకు తెలిసింది.

శుక్రవారం రాత్రి

పల్లీపట్టీలు, అరటిపండ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, నిమ్మకాయలు, ఉప్పు. రెండు ట్యూబులు, పంపు, పంక్చరు కిట్టు. మోకాలికి చల్లటి పట్టీ, అది బొలెరోలోని ఐసు డబ్బాలో. బాబాయి అందరి బ్రేకులూ చూసి, వదిన సైకిల్‌కి ప్యాడ్లు మార్చాడు. దోమలపెంట దిగుడులో అవే ప్రాణం అన్నాడు. తొమ్మిదికి పడుకున్నాను. పడుకునేటప్పుడు ఒకటి.

శనివారం: తుక్కుగూడ నుంచి మన్ననూరు

చీకట్లోనే తుక్కుగూడలో కలిశాం. ముందు తెల్ల లైట్లు, వెనక ఎర్రవి. మొదటి అరగంట ఎవరూ మాట్లాడలేదు, చలికి చెవులు మొద్దుబారాయి. నా మోకాలు వేడెక్కడానికి ఆ మాత్రం సమయం పడుతుంది, ఆ అరగంట ఎంత చదును రోడ్డయినా తేలిక గేరే.

మైసిగండి మైసమ్మ గుడి దగ్గర తెల్లారింది. ఈ రోడ్డు మీద తిరిగే డ్రైవర్లు ఆగి దండం పెట్టుకునే చోటు. మేమూ ఆగాం, బొలెరో నడిపే అన్న కొబ్బరికాయ కొట్టాడు. అక్కడే ఇడ్లీ, పల్లీ చట్నీ. ఆమనగల్లు, వెల్దండ త్వరగా గడిచాయి. రోడ్డు బాగుంది, ఎండ ఇంకా ముదరలేదు, నా లెక్క రెండు దగ్గరే కూర్చుంది.

కొట్ర దాటి వంగూరు వైపు పోతుండగా రోడ్డు పక్క చేలో పల్లికాయ పీకుతున్నారు. చెట్లు కుప్పలుగా వేసి, చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని కాయలు తెంపుతున్నారు. మా పది నిమిషాల విరామం అక్కడే వచ్చింది. నేను గట్టు మీద కూర్చుని మోకాలి తొడుగు దించి చిప్ప చుట్టూ బొటనవేళ్ళతో రుద్దుకుంటుంటే ఒక పెద్దమ్మ అటే చూస్తూ అడిగింది.

"ఎక్కడికి పోతున్నరు బిడ్డా?"

"శ్రీశైలం పెద్దమ్మా."

"సైకిళ్ళ మీదనా? ఆ మోకాలు పెట్టుకొనా?"

"మెల్లగ పోతున్నం."

ఆమె లేచి రాబోయింది. ఎడమ చెయ్యి నేల మీద ఆనించి, కుడి చేత్తో తన మోకాలు పట్టుకుని, ముందు నడుము లేపి, తర్వాత ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. నేను మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకునే తీరు నాకు అక్కడ కనబడింది. వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చుంది. ఒడిలోంచి పచ్చి పల్లికాయలు నా దోసిట్లో పోసింది, మట్టి ఇంకా తడిగా ఉంది. "నాకు రెండూ నొస్తయి. పొద్దంత కూసుండే పని. రాత్రి ఉప్పు కాపడం పెట్టుకుంట, పొద్దుగాల మళ్ళ గీడికే" అంది.

నా దగ్గర చెప్పడానికి ఉన్నది చెప్పాను. కాలు నిటారుగా చాపి, మడమ లేపి, పది లెక్కపెట్టి దించడం. ఆ గట్టు మీదే చేసి చూపించాను. ఆమె ఒక్కసారి చేసింది, తొడ కండరం మీద నా చెయ్యి పెట్టి "ఇది గట్టిపడుతున్నది గదా" అంది. అదేనన్నాను. కుప్ప దగ్గరి ఆడవాళ్ళు పని ఆపకుండానే ఇటు చూస్తున్నారు, ఒకామె కూర్చున్న చోటే కాలు చాపింది. కూలి పనిలో గంటకోసారి ఆగే నియమం పెట్టేవాళ్ళు లేరు. ఆగితే కుప్ప అట్లాగే ఉంటుంది. నా నొప్పికి డాక్టరు, ఫిజియో, బొలెరోలో ఐసు డబ్బా ఉన్నాయి. ఆమె నొప్పికి ఉప్పు కాపడం ఉంది. ఈ తేడా నన్ను ఆ రోజంతా వదల్లేదు, ఇది రాస్తున్నప్పుడూ వదల్లేదు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వారానికొక రోజైనా ఫిజియోథెరపిస్టు కూర్చుంటే ఎన్ని మోకాళ్ళు నిలబడతాయో.

శ్రీశైలం జలాశయం నుంచే కృష్ణ నీళ్ళను ఎల్లూరు దగ్గర ఎత్తి, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు మీదుగా కల్వకుర్తి ఎత్తిపోతల కాలువలు ఈ ప్రాంతానికి తెస్తాయి. మేము పోతున్న చోటి నీళ్ళే ఇటు వస్తున్నాయి. పాలమూరు అనగానే వలస అని మాత్రమే గుర్తొచ్చే రోజుల నుంచి, కాలువ తగిలిన చోట యాసంగికి కూడా చేలు పచ్చగా కనిపించే రోజులకి వచ్చాం.

డిండి దగ్గర పెరుగన్నం. హాజీపూర్ చౌరస్తాలో నీళ్ళు నింపుకున్నాం. లెక్క మూడు. రంగాపూర్ దాటుతుంటే కుడి పక్క కొండ మీద ఉమామహేశ్వరం, శ్రీశైలానికి ఉత్తర ద్వారం. అక్కడి నుంచి నల్లమల గోడలా లేచి ఉంటుంది. రోజంతా తొక్కిన కాళ్ళతో మన్ననూరు ఘాట్ ఎక్కాలి.

రెండు మలుపులు బాగానే ఎక్కాను. మూడో మలుపులో లోపలి వైపు వాలు ఎక్కువ, అక్కడ నాలుగు. ఇంకా తగ్గించడానికి గేరు లేదు. "బాబాయ్, నాలుగు" అని అరిచాను. వెనక నుంచి "బయటి వైపుకి రా, వాలు తక్కువుంటది" అని జవాబు. అద్దంలో వెనక వాహనాలు చూసి, ఆయన చెయ్యి అడ్డంగా చాపి దారి చేశాడు. మలుపు బయటి అంచున కొంచెం ఎక్కువ దూరం, కానీ తక్కువ ఎత్తు. మళ్ళీ మూడు. పై మలుపులో ముందువాళ్ళంతా సైకిళ్ళు ఆపి, వాటి మీదే వంగి, నా కోసం ఎదురుచూస్తున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అది నాకు నచ్చింది. వదిన నీళ్ళ సీసా ఇచ్చింది, అందరం కలిసి కదిలాం.

చీకటి పడకముందే మన్ననూరు చేరాం. చల్లటి పట్టీ, రెండు దిండ్ల మీద కాలు. జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర. అన్న అరచేతులకి వదిన నూనె రాస్తుంటే తమ్ముళ్ళలో ఒకడు తనకి మెడ పట్టేసిందని మెల్లగా చెప్పాడు. ఎంత అని అడిగితే, "నాలుగున్నర అక్కా" అన్నాడు. బాబాయి వెంటనే లేచి వాడి హ్యాండిల్ ఎత్తు చూడటానికి టార్చి పట్టుకుని బయటికి పోయాడు.

ఆదివారం: మన్ననూరు నుంచి శ్రీశైలం

లేవగానే మంచం అంచు నుంచి కాలు దించి చూసుకున్నాను. రెండు. పోవచ్చు.

ఆరింటికి గేటు తీశారు. వరుసగా నిలబడ్డ లారీలూ కార్లూ పోయేదాకా పక్కన ఆగి, ఆ తర్వాత కదిలాం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్ల పైన. అడవిలోకి పోయాక మా నియమాలు ఇంకా కఠినం: పాటలు పెట్టకూడదు, తిన్న తొక్క కూడా సంచిలోనే, కోతులకి ఏదీ వెయ్యకూడదు. కోతులు రోడ్డు అంచున బారులు తీరి కూర్చునేది కార్లలోంచి విసిరే బిస్కెట్ల కోసం. వాటికోసం వచ్చి చక్రాల కింద పడతాయి. ప్రేమతోనే వేస్తారు, కానీ ఆ ప్రేమ వాటిని చంపుతోంది. దయచేసి వెయ్యకండి.

ఫరహాబాద్ దాకా రోడ్డు ఎక్కుతూ దిగుతూ పోతుంది. సైకిల్ మీద అడవి ముందు వాసనకి తెలుస్తుంది: రాలిన ఆకు, తడి మట్టి, ఎక్కడో పొగ. టేకు చెట్లు సగం రాలిపోయి ఉన్నాయి. ఒకటీ అరా మోదుగులు అప్పుడే ఎర్రబడుతున్నాయి. శివమాల వేసుకున్న స్వాములు కొందరు ఇరుముళ్ళతో నడిచి పోతున్నారు, కాళ్ళకి చెప్పుల్లేవు. ఒక పెద్దాయన మడమకి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. మా నిమ్మరసం ఇస్తే "శివయ్యా" అని తాగి, ఆగకుండా పోయాడు.

వటవర్లపల్లిలో టీ. పక్క పెంట, అంటే చెంచుల గూడెం, నుంచి వచ్చిన పిల్లలు సైకిళ్ళ గేర్లు నొక్కి చూశారు. తమ్ముడు ఒకణ్ణి ఎక్కించి బడి ముందు తిప్పాడు. మల్లెలతీర్థం ఇక్కడి నుంచే పోవాలి. నీళ్ళు అంతగా లేని కాలం, పైగా అక్కడ దిగాల్సినవి మెట్లు. నేను వద్దన్నాను, అందరూ వద్దనుకున్నారు.

ఆక్టోపస్ వ్యూ పాయింట్ దగ్గర కొండల మధ్య కృష్ణ పాయలు పాయలుగా చేతులు చాచి కనిపిస్తుంది. దోమలపెంట, ఈగలపెంట దాటాక రోడ్డు ఒక్కసారిగా కిందికి. ఇక్కడ చాలాసేపు ఆగి ఒక్కొక్కరే పోవాలని చెప్పుకున్నాం. రెండు బ్రేకులూ పట్టి పట్టి వదలడం, రిమ్ము వేడెక్కితే ఆగడం, మలుపుకి ముందే వేగం తగ్గించడం. నేను పెడళ్ళు ఊరికే తిప్పుతూనే దిగాను, మోకాలు రెండు దాటలేదు. ఒక మలుపులో చెట్లు తొలగి డ్యాం మొత్తం కనబడింది. 145 మీటర్ల ఎత్తు, 512 మీటర్ల పొడవు, మూసి ఉన్న పన్నెండు గేట్లు, కింద బండల మధ్య ఆకుపచ్చని నీటి గుంటలు. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వానాకాలంలో గేట్లు ఎత్తినప్పుడు డ్యాం కింది వంతెన మీద నిలబడితే తుంపర్లకి బట్టలు తడుస్తాయి.

వంతెన దాటితే ఆంధ్ర వైపు లింగాలగట్టు. చేపలు వేయించే వాసన. తమ్ముళ్ళు ఆగలేకపోయారు, మేమూ ఆగాం. అక్కడి నుంచి సున్నిపెంట దాకా మళ్ళీ ఘాట్, నది అడుగు నుంచి కొండ మీదికి. మధ్యాహ్నపు ఎండ బండల్లోంచి తిరిగి కొడుతోంది.

కొంత దూరంలో నాలుగు. ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కాను. తర్వాతి మలుపులో అయిదు. దిగాను. నడిస్తే నొప్పి రెండే, మోకాలు అంతగా వంగదు కదా. బొలెరో పక్కన వచ్చి ఆగింది, డ్రైవరన్న తలుపు తీశాడు. వద్దు, నడుస్తానన్నాను. బాబాయి కూడా దిగి తన సైకిల్ నడిపించుకుంటూ పక్కన వచ్చాడు. తర్వాత వదిన. పైన మలుపులో ఉన్న తమ్ముళ్ళు చూసి వాళ్ళూ దిగారు. "మీరు ఎక్కండిరా" అంటే, మెడ పట్టిన వాడు "నాకూ నడవాలనే ఉంది అక్కా" అన్నాడు. హ్యాండిళ్ళు పట్టుకుని, లోయ వైపు సైకిళ్ళు, కొండ వైపు మేము. అన్న ఆర్టీసీ బస్సులు ఎక్కడానికి ఇబ్బంది లేకుండా చెయ్యి ఊపి దారి ఇస్తున్నాడు. వాలు తగ్గిన చోట ఎక్కి తొక్కడం, పెరిగిన చోట దిగి నడవడం. సున్నిపెంటలో చెరుకురసం తాగేటప్పటికి మూడు.

శ్రీశైలం చేరేసరికి సాయంకాలం దగ్గర పడింది. గుడి ప్రాకారం రాళ్ళ మీద చెక్కిన ఏనుగులూ, వేటగాళ్ళూ, ఋషులూ, వాటి పక్కగా క్యూ. మల్లన్న దర్శనానికి నిలబడ్డ గంటల్లో మోకాలు ఘాట్‌లో కంటే ఎక్కువ నొచ్చింది. కదలకుండా నిలబడటమే నాకు శత్రువు. క్యూలో ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తూ, మడమలు లేపి దించుతూ ఉన్నాను. నా ముందున్న కర్ణాటక అమ్మమ్మ అది చూసి తానూ మొదలుపెట్టింది.

సోమవారం: పాతాళగంగ

పొద్దున రెండు. ఘాట్‌లో అయిదు దాకా పోయి వచ్చిన మోకాలికి అది మంచి లెక్క.

పాతాళగంగకి వందల మెట్లు. ఎక్కడం వచ్చినా దిగడం నా మోకాలికి గిట్టదు. అందరూ మెట్ల మీదుగా పోయారు, నేను రోప్‌వేలో దిగాను. కింద కృష్ణలో మోకాళ్ళ లోతు నిలబడి, చల్లటి నీళ్ళలో చిప్ప చుట్టూ రుద్దుకున్నాను. వాళ్ళు దిగి వచ్చేసరికి తమ్ముళ్ళిద్దరికీ తొడలు వణుకుతున్నాయి. పైకి అందరం రోప్‌వేలోనే వచ్చాం.

సైకిళ్ళ ముందు చక్రాలు విప్పి బొలెరోలో పేర్చి, మేము ఆర్టీసీ బస్సు ఎక్కాం. దోమలపెంట దాటుతుండగా వదిన వెనక్కి తిరిగి, వచ్చే చలికాలం అహోబిలం పోదామా అంది. బాబాయి తన చిన్న పుస్తకం తీసి ఒక కొత్త పేజీలో అందరి పేర్లూ రాశాడు. ప్రతి పేరు ఎదురుగా ఎక్కడ నొప్పి, సీటు ఎత్తు ఎంత, హ్యాండిల్ ఎంత. నా పేరు పక్కన కుడి మోకాలు, అన్న పక్కన అరచేతులు, తమ్ముడి పక్కన మెడ. తన పేరు పక్కన ఖాళీ వదిలాడు. వదిన పుస్తకం లాక్కుని, "మీకేం లేదా?" అని గట్టిగా అడిగింది. కాసేపాగి నడుము అన్నాడు. పదికి ఎంత అంటే, మూడు. ఆమె రాసింది.